చిలువలు, జక్కవలు, మన హంసలు



మాడుగుల పేరు చెబితే మీలో చాలామందికి ముందుగా హల్వా జ్ఞాపకం వస్తుంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యి పోసి గంటలకొద్దీ కలిపే ఆ హల్వా రుచి అలాంటిది మరి! కాని ఈరోజు నేను వంటకం గురించి చెప్పబోవడం లేదు. మాడుగుల కొండల కింద చెరువుల్లోనూ, పెద్దేరు జలాశయంలోనూ, అక్కణ్ణించి అనకాపల్లి దాటి సముద్రం వైపు వస్తే కొండకర్ల ఆవలోనూ నీళ్ళమీద తిరిగే అడవి బాతుల సంగతి చెబుతాను. బాతులకు చరిత్ర ఏమిటమ్మా అనకండి. మన ఇళ్ళల్లో వాడే మాటల్లోనే బోలెడంత ఉంది.

ముందు పేర్లు చూద్దాం. ఇప్పుడు మన పిల్లలు నీళ్ళమీద తేలేదాన్నల్లా "బాతు" అనేస్తున్నారు. మన పెద్దలు అలా అనలేదు. అడవి బాతును చిలువ అన్నారు. కావ్యాల్లో చిలువ అంటే పాము, చెరువు గట్టున చిలువ అంటే బాతు! జెర్డన్ అని మద్రాసు సైన్యంలో ఒక డాక్టరుండేవాడు. ఆయన 1862-64 మధ్య భారతదేశపు పక్షులమీద పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అందులో ఇంగ్లీషు పేరు పక్కనే తెలుగు పేరు కూడా వ్రాసుకున్నాడు. ఎర్ర చిలువ, జుట్టు చిలువ, బాపన చిలువ - ఇలాగ. ఎవరో పల్లెటూరి వేటగాళ్ళు చెప్పి ఉంటారు. మనం మరిచిపోయిన మన మాటలను దొరగారి పుస్తకంలో వెతుక్కోవలసి రావడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది కదండీ!

ఎర్ర చిలువ ఇక్కడి పక్షే. ఏడాది పొడుగునా ఉంటుంది. సాయంత్రం చీకటి పడే వేళకు గుంపుగా లేచి, ఈల వేసుకుంటూ పోతుంది. చెట్టు తొర్రల్లోనూ గూడు పెడుతుంది. మచ్చల ముక్కు బాతు కూడా మన చెరువుల్లోనే పిల్లల్ని చేస్తుంది. పావురమంత తెల్లని చిన్న బాతు ఇంకొకటుంది. అదీ చెట్టు తొర్రలోనే గుడ్లు పొదుగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఒకటి రెండు రోజులకే అంత ఎత్తునుంచి దూకి, తల్లి వెంట నీళ్ళలోకి పోతాయి. మనమైతే పిల్లవాడు మంచం దిగితేనే కంగారు పడతాం!

ఇక కార్తీకం వచ్చేసరికి ఉత్తరాది చుట్టాలు దిగుతాయి. సూదితోక బాతు, చెంచా ముక్కు బాతు, జక్కవ. జక్కవ అంటే మరెవరో కాదు, సంస్కృత కవుల చక్రవాకం. రాత్రయితే జంట విడిపోయి ఒకదానికోసం ఒకటి ఏడుస్తుందని కవులన్నారు. విడిపోవడం మాట ఎలా ఉన్నా, చీకట్లో ఒకదాన్నొకటి గట్టిగా పిలుచుకోవడం నిజమే. ఒంటికి కావి రంగు. పల్లెవాళ్ళ బాపన చిలువ, కవిగారి చక్రవాకం ఒకే పిట్ట అని ఎంతమందికి తెలుసు? లడఖ్‌లోనూ టిబెట్‌లోనూ పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి ఇక్కడికి వస్తుంది.

మరి హంస? రవివర్మ గీసిన దమయంతి బొమ్మ మీరందరూ చూచే ఉంటారు. ఎదురుగా తెల్లని, పొడుగు మెడ హంస. శ్రీనాథుడి శృంగార నైషధంలో నలుడి రాయబారం మోసినదీ హంసే. కాని అలాంటి తెల్ల హంసలు మన కోస్తాకు రావు. దేశం వాయవ్య మూల ఎప్పుడో అరుదుగా కనిపిస్తాయి. అందుచేత మన ప్రాచీనుల హంస వేరే అయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. తలమీద రెండు నల్లని పట్టీలుండే పెద్ద బాతు ఒకటుంది. టిబెట్, మంగోలియా ప్రాంతాల్లో పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి వస్తుంది. చిలికా సరస్సులోనూ, మన కొల్లేటిలోనూ చలికాలం గడుపుతుంది. శాస్త్రజ్ఞులు దాని వీపున చిన్న యంత్రం కట్టి చూస్తే, ఏడువేల మీటర్లు దాటిన ఎత్తున కూడా ఎగిరిందని తేలింది. మానస సరోవరంనుంచి హంసలు వస్తాయన్న మాట ఉత్త కల్పన కాదన్నమాట.

పాలూ నీళ్ళూ వేరుచేస్తుందనే మాటకూ కొంత ఆధారముంది. బాతు ముక్కు లోపలి అంచుల్లో సన్నని పళ్ళలాంటి వరుసలుంటాయి. నీళ్ళు బయటికి పోతాయి, మేత లోపల నిలుస్తుంది. మనం టీ వడకట్టినట్టే!

ఈ పక్షులను కాపాడాలని అన్నది మనమే మొదట కాదు. అశోక చక్రవర్తి పట్టాభిషేకమైన 26 సంవత్సరాలకు, అంటే క్రీ.పూ. 243 ప్రాంతంలో, చంపకూడని ప్రాణుల జాబితా ఒకటి స్తంభాలమీద చెక్కించాడు. అందులో చిలకా గోరింకలతోపాటు చక్రవాకం, హంస పేర్లున్నాయి. ఆ శాసనమున్న స్తంభం ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో ఇప్పటికీ నిలిచి ఉంది. తరువాత తెల్లదొరల కాలంలో బాతుల వేట పెద్ద వినోదమయింది. 1912 చట్టం ప్రభుత్వం ప్రకటించిన కాలంలో మాత్రం వేట ఆపమంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దాన్ని సవరించి వేటను పూర్తిగా నిషేధించారు. అంటే అశోకుడి మాట దగ్గరికి మళ్ళీ రావడానికి రెండువేల రెండువందల ఏళ్ళు పట్టింది!

చట్టం ఉంటే చాలదు, నీళ్ళు కూడా ఉండాలి. కొల్లేరు చేపల చెరువులతో నిండిపోయాక 1999లో దాన్ని అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువు గట్లు తెగగొట్టవలసి వచ్చింది. వాటిని నమ్ముకున్నవాళ్ళ కష్టమూ చిన్నది కాదు. ముందే జాగ్రత్తపడి ఉంటే ఇద్దరికీ మేలయ్యేది. మన కొండకర్ల ఆవ రాష్ట్రంలో కొల్లేటి తరువాత పెద్ద మంచినీటి సరస్సుగా పేరుపడింది. 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. తాటిమానుల దోనెలో తామరాకుల మధ్యగా వెళుతుంటే, ముందు పక్షులు లేస్తాయి, తరువాత వాటి చప్పుడు మనకు వినిపిస్తుంది. గుర్రపుడెక్క అల్లుకుపోయినచోట ఆ చప్పుడుండదు.

చివరిగా ఒక మాట. ఒక చలికాలం మా వీధిలోకి ఒకతను సంచీలో బాతులు తెచ్చాడు. కాళ్ళు కట్టేసి ఉన్నాయి. "చెరువు పిట్టలమ్మా, కూర బలే రుచి" అన్నాడు. పక్కింటావిడ రెండు కొన్నది. నేను కొనలేదు గాని, నోరు మెదపనూ లేదు. పక్కింటితో మాట ఎందుకని ఊరుకున్నాను. వాటిలో ఒకదాని ఒళ్ళు కావి రంగు. అది జక్కవ అని తరువాత పుస్తకం చూచి తెలుసుకున్నాను. మంచుకొండలు దాటి వచ్చిన పిట్ట మా వీధి దాటలేకపోయింది. జంటలో రెండోది ఏ చెరువులో పిలుస్తూ ఉండిపోయిందో!

గులాబీరంగు తల బాతు ఒకటి ఒకప్పుడు మన దేశంలో ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మధ్యనుంచి దాన్ని ఖాయంగా చూచినవారు లేరు. ఇప్పుడు బొమ్మల్లో చూడవలసిందే. జక్కవకు ఆ గతి పట్టకూడదు.

అందుచేత సంచీ పట్టుకుని ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే, వద్దు అనండి. పైగా, ఇది నేరం నాయనా అని కూడా చెప్పండి. నేను ఆనాడు అనలేకపోయిన మాట అది. ఈ కార్తీకంలో వనభోజనాలకు పోయినప్పుడు పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకువెళ్ళి, ఇది చిలువ, అది జక్కవ అని చూపించండి. పేరు తెలిసిన పిట్టను చంపడానికి చేయి రాదు.

సెలవు.