చిన్న అలల సర్ఫ్‌బోర్డు

నడుమెత్తుకు మించని, మెత్తగా విరిగే అలల మీద జారడానికి చేసిన పొట్టి, వెడల్పాటి బోర్డును చిన్న అలల సర్ఫ్‌బోర్డు అంటారు. సాధారణంగా దీని పొడవు 5 నుంచి 6 అడుగులు, వెడల్పు 20 నుంచి 22 అంగుళాలు. చేప తోకలాంటి వెనుక భాగమున్న ‘ఫిష్’, మొద్దుగా ఉండే ‘మినీ సిమన్స్’ ఈ కోవలో పేరున్నవి. ఆంధ్ర తీరంలో సర్ఫింగ్ అనగానే విశాఖ, రుషికొండ గుర్తుకొస్తాయి. కృష్ణా డెల్టా తీరం తీరు వేరు. మచిలీపట్నం (బందరు) దగ్గరి మంగినపూడి నుంచి దివిసీమ కొసన ఉన్న హంసలదీవి దాకా మామూలు రోజుల్లో సముద్రం ఇచ్చేది చిన్న అలే. అక్కడికి బోర్డు ఎంచుకునేవారు పొడవు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సినవి వెడల్పు, అడుగు చదును.

అల మెత్తబడే తీరు

అల ఎలా విరగాలో సముద్రం అడుగు నిర్ణయిస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల అల 80 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి విరగడం మొదలుపెడుతుంది. ఒడ్డు నుంచి 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే నేలైతే ఆ లోతు 16 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అల ఒక్కసారిగా లేచి ముందుకు గుమ్మరిస్తుంది. 100 మీటర్లకు ఒక మీటరు దిగే నేల మీద అదే లోతు 80 మీటర్ల అవతల ఉంటుంది. అక్కడ అల నిలువుగా లేవదు. తల మీద నురగ కట్టి, ఆ నురగను కొంచెం కొంచెంగా కార్చుకుంటూ, అడుగు రాపిడికి బలం పోగొట్టుకుంటూ ఒడ్డుకొస్తుంది.

కృష్ణానది వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు ఈ తీరానికి రెండో రకం నేలనిచ్చింది. మంగినపూడి ఒడ్డున ఇసుకతో నల్లమట్టి కలిసి ఉండటానికీ, అడుగు లోతు లేకుండా చాలా దూరం సాగడానికీ కారణం అదే. ఈ వాలు సర్ఫింగ్ కంటే ముందు వ్యాపారానికే తగిలింది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరులో కోఠీలు పెట్టినా, వాళ్ల పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకోవలసి వచ్చేది. సరుకంతా చిన్న పడవల మీద చేరేది. అల చిన్నబడటానికి నేల ఒక్కటే కారణం కాదు: దక్షిణం నుంచి వచ్చే దూరపు అలలకు శ్రీలంక కూడా కొంత అడ్డుపడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణపు అల కాస్త క్రమంగా వస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్యపు గాలితో సముద్రం గజిబిజిగా ఉంటుంది, తుపాన్లూ ఎక్కువగా అప్పుడే. 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలు ఈ కాలానివే. నేల చదునుగా ఉంటే మామూలు అల మెత్తబడుతుంది. ఉప్పెన మాత్రం అదే చదును నేల మీద ఇంకా ఎత్తుకు లేస్తుంది.

బోర్డు ఎక్కడ పుట్టింది

అమెరికాలో బాబ్ సిమన్స్ 1940లలో వేగపు పడవల అడుగుభాగం గురించి చదివి, నీటిని చీల్చుకుపోయే బోర్డు కంటే నీటి మీద తేలి జారే బోర్డు మేలని వెడల్పాటి వాటిని చేశాడు. 1954లో సర్ఫింగ్ చేస్తూనే చనిపోయాడు. 1967లో శాన్ డియేగో కుర్రాడు స్టీవ్ లిస్ మోకాళ్ల మీద కూర్చుని నడపడానికి ఒక పొట్టి బోర్డు తయారుచేశాడు. తోక చీలి ఉంటుంది, కింద రెండు ఫిన్‌లు, అంటే నీటిలో దిగే పలుచటి రెక్కలు. నిలబడి నడిపేవారికీ అది నచ్చింది, అదే ఫిష్. రెండు ఫిన్‌ల బోర్డుతోనే మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 వరకు వరసగా నాలుగేళ్లు ప్రపంచ విజేత అయ్యాడు. 1980లో సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్‌ల ‘త్రస్టర్’ తెచ్చాక పోటీల్లో సన్నటి బోర్డులదే రాజ్యమైంది, చిన్న అలల బోర్డు వెనకబడింది. 2000 తర్వాత శాన్ డియేగోలోనే సిమన్స్ ఆలోచనను అయిదారు అడుగులకు కుదించి మినీ సిమన్స్ చేశారు.

వెడల్పాటి చదును అడుగు మన తీరానికి కొత్తేమీ కాదు. కోరమాండల్ తీరపు మసులా పడవకు అడుగు బల్లపరుపుగా ఉండేది. పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు కాబట్టి అల కొట్టినప్పుడు, ఒడ్డు తగిలినప్పుడు పడవ పగలకుండా ఒంగేది. మద్రాసుకు కృత్రిమ రేవు ఏర్పడేదాకా ఓడల నుంచి మనుషులనూ సరుకునూ కెరటాలు దాటించింది ఆ పడవలే. బరువైన కెరటం కోసం చేసిన మసులాను చిన్న అల బోర్డుతో పూర్తిగా పోల్చలేం. అయినా లోతు లేని చోట నురగ మీద ఎక్కి ఒడ్డుకు రావాలంటే అడుగు ఎలా ఉండాలన్న లెక్క రెండింటికీ ఒకటే.

ఎంపిక

బోర్డు అల మీద నిలవాలంటే ముందు అల వేగాన్ని అందుకోవాలి. మీటరు లోపు నీటిలో నడుమెత్తు అల గంటకు 10 నుంచి 13 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. పెద్ద అలలో వాలు నిటారుగా ఉండి బోర్డును బరువే లాక్కుపోతుంది. చిన్న అలలో ఆ వాలు లేదు. కాబట్టి తక్కువ వేగంలోనే నీటి మీదికి లేవగల బోర్డు కావాలి. అందుకు మొదట చూడాల్సింది ‘రాకర్’, అంటే పక్కనుంచి చూస్తే బోర్డు మొదలూ చివరా పైకి ఒంగిన తీరు. వంపు ఎక్కువున్న బోర్డు నిటారు అలలో ముక్కు మునగకుండా కాపాడుతుంది, మెత్తటి అలలో నీటిని తోస్తూ ఆగిపోతుంది. దుకాణంలో బోర్డును బోర్లా పెట్టి, ఒక నిడుపాటి బద్దను దాని మీద ఆనించి చూస్తే మధ్యలో ఎంత మేర చదునుగా ఉందో తెలిసిపోతుంది. చాలామంది కొలతల చీటీ చదువుతారు గానీ ఈ పని చేయరు.

తర్వాత వెడల్పు. బోర్డు నడుమ వెడల్పు కంటే తోక దగ్గర ఎంత వెడల్పుందో చూడాలి, ఎందుకంటే సర్ఫర్ వెనక కాలు ఆనేది అక్కడే. ఆ తర్వాతే లీటర్లు, అంటే బోర్డు ఘనపరిమాణం. 6 అడుగుల 2 అంగుళాల పొడవు, 18.75 అంగుళాల వెడల్పు, 2.4 అంగుళాల మందం ఉన్న సన్నటి బోర్డు సుమారు 28 లీటర్లు ఉంటుంది. 5 అడుగుల 6 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందంతో చేసిన ఫిష్ దాదాపు 32 లీటర్లు. ఎనిమిది అంగుళాలు పొట్టిదైనా ఎక్కువ తేలుస్తుంది. 65 కిలోల మనిషి, నిలబడి మలుపు తిప్పడం వచ్చినవాడు, మంగినపూడి లాంటి చోట 30 నుంచి 34 లీటర్ల మధ్య చూసుకోవచ్చు. ఒట్టి మందం పెంచి లీటర్లు పెంచిన బోర్డు వద్దు. అది తేలుతుంది, అంచు నీళ్లలో పట్టదు.

ఇంకా నిలబడటమే రానివారికి ఈ బోర్డు పనికిరాదు. పొట్టిది కనుక సులువనుకోవడం ఇక్కడ ఎక్కువమంది పడే పొరపాటు. పొట్టి బోర్డు చేతులతో ఈదేటప్పుడు నీటిలో తిన్నగా పోదు. నేర్చుకునేవారికి 8 అడుగులు, ఆపైన ఉన్న మెత్తటి పైపూత బోర్డు మంచిది. దాని కష్టం ఒడ్డుకు చేర్చడంలో ఉంటుంది: గుడివాడ నుంచి బందరుకు రైలు ఉన్నా, అక్కడి నుంచి మంగినపూడికి పదకొండు కిలోమీటర్లు ఆటోలో ఎనిమిది అడుగుల బోర్డు పెట్టుకుపోవడం మాటలు కాదు. ఫిష్ అయితే ఆ తిప్పలు తక్కువ.

ఫిన్‌ల విషయంలో లోతు లేని తీరానికి పొడుగు పీఠంతో పొట్టిగా ఉండే ‘కీల్’ ఫిన్‌లే నయం. నిలువు ఫిన్ కంటే నేలకు తక్కువ తగులుతాయి, నేరుగా పోయేటప్పుడు వేగాన్ని నిలబెడతాయి. ఊడదీయగలిగేవి తీసుకుంటే విరిగినా బోర్డు మిగులుతుంది.

ఎక్కడ దిగాలి

మంగినపూడిలో పోటు నిండుతున్న వేళ, తెల్లవారి గాలి లేవకముందు అల కాస్త ఆకారంగా ఉంటుంది. కార్తీక పౌర్ణమి స్నానాల రోజుల్లో జనం మధ్యకు బోర్డు తీసుకుపోకూడదు. హంసలదీవి, పాలకాయతిప్ప దగ్గర నదీపాయ సముద్రంలో కలిసే చోట ఇసుక తిప్పలు అలకు చక్కటి అంచునిస్తాయి, కానీ అవి ఒకచోట ఉండవు. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం ఆనకట్టలు ఒండ్రును ఆపేశాక ఒడ్డు కొన్నిచోట్ల కోతపడుతోంది కూడా. పాటు సమయంలో నది నీరు, సముద్రం నీరు కలిసి లోపలికి లాగుతాయి. మొగ దగ్గర బోర్డు మీదున్నా సరే దిగకపోవడమే మంచిది. ఏ తిప్ప ఈ నెల ఎక్కడుందో అక్కడి చేపల వేటగాళ్లకే తెలుసు, అడిగి దిగాలి.

కొనడం

బోర్డు లోపలి నురగ రెండు రకాలు. పాలీయురేథేన్ మీద పాలియెస్టర్ రెసిన్ పూసినవి బరువుగా ఉండి, గాలికి చెదిరిన నీటి మీద నిలకడగా పోతాయి. పాలీస్టైరీన్ మీద ఎపాక్సీ పూసినవి తేలిక, అదే లీటర్లకు ఎక్కువ చురుకు. మెత్తటి అలకు రెండోదే బాగుంటుంది. అయితే బందరు ఎండలో మూసిన కారులో వదిలేస్తే పైపొర ఉబ్బి విడిపోతుంది. పాతది కొనేటప్పుడు వెనక కాలు ఆనే చోట అరచేత్తో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే పొర విడిపోయినట్టే. పసుపు రంగు తిరగడం వట్టి వయసు, దానికి ధర తగ్గించమనొచ్చు. ఫిన్ పెట్టె చుట్టూ సన్నటి చీలికలుంటే మాత్రం నీరు లోపలికి చేరిందేమో చూడాలి: తోకను కిందికి వంచి కాసేపు నిలబెడితే నీటిబొట్టు కారుతుంది. కారిన బోర్డును ఎంత చవకైనా వదిలేయడం మేలు.