కిన్పాచి మాస్టారి పాట

చరిత్ర వ్యాసం రాయమంటే మా క్లాసులో చాలామంది శ్రీకృష్ణదేవరాయలు, ఫ్రెంచి విప్లవం అని పేర్లు ఇచ్చేసినారు. నేను జపాను టీవీ సీరియల్ పాట గురించి రాస్తానన్నాను. మా టీచరు కొంచెంసేపు ఆలోచించి, "సరే, కానీ తేదీలు తప్పు పోకూడదు" అన్నారు. అందుకని తేదీలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఈ విషయం నా బుర్రలో పడింది మా చిన్నమామ వల్ల. ఆయన హోసూరు దగ్గర ఒక జపాను వాళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడ ఒక పెద్ద ఇంజనీరుకు అరవై ఏళ్ళు నిండి సొంత దేశానికి పోతుంటే వీడ్కోలు సభ పెట్టినారంట. ఏదన్నా పాడమని అందరూ బలవంతం చేస్తే ఆయన లేచి ఒక పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికి మిగిలిన ముగ్గురు జపాను వాళ్ళూ లేచి నిలబడి గొంతు కలిపినారు. ఒకాయన కండ్లు తుడుచుకున్నాడంట. అదేదో దేశభక్తి పాట అనుకున్నాడు మామ. అడిగితే, "కాదు, మా చిన్నప్పటి టీవీ సీరియల్‌లో పాట" అని చెప్పినారు. పాట పేరు 'ఒకురు కొతోబా'. అంటే కానుకగా ఇచ్చే మాటలు. పలకడంలో 'సాగనంపే మాటలు' అన్నా జపాను భాషలో ఇట్లానే వినిపిస్తుంది.

టీవీ పాటకు పెద్దవాళ్ళు ఏడుస్తారా అని నాకు ఆశ్చర్యం వేసింది. దానికి జవాబు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాల.

జపానులో టీవీ ప్రసారాలు 1953 ఫిబ్రవరి 1న ఎన్‌హెచ్‌కే మొదలుపెట్టింది. అప్పట్లో టీవీ కొనడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం గుంపులుగా నిలబడి కుస్తీలు చూసేవాళ్ళు. 1959 ఏప్రిల్‌లో యువరాజు పెళ్ళి వచ్చింది. అది చూడటానికని లక్షల ఇళ్ళలో టీవీలు కొన్నారు. 1961లో ఎన్‌హెచ్‌కే రోజూ పొద్దున వచ్చే సీరియల్ మొదలుపెట్టింది. 1963లో ఆదివారాలు వచ్చే చరిత్ర సీరియల్ మొదలైంది. ఈ రెండు వరసలూ నేటికీ ఆగలేదు. పొద్దున బాణీ వినిపించిందంటే ఇంట్లో గడియారం చూడక్కరలేదు. వంటింట్లో ఉన్నవాళ్ళకు కూడా ఇప్పుడు టైమెంత అయిందో తెలిసిపోతుంది. సీరియల్ పాట జ్ఞాపకంలో అంత గట్టిగా నిలబడటానికి ఇదొక కారణం అని నా అభిప్రాయం. సినిమా పాటను మనం వెదుక్కుంటూ పోతాము. సీరియల్ పాట అదే టైముకు అదే ఇంటికి వస్తుంది, అమ్మ, నాయన, అవ్వ అందరూ ఉన్నప్పుడు.

ఇట్లా ఎక్కువ కాలం ఇంటింటికీ వచ్చిన పాటల్లో 'మితో కోమొన్' పాట ఒకటి. ఈ సీరియల్ 1969లో మొదలై 2011 దాకా నడిచింది. కథ మనకు కొత్తేమీ కాదు, మారువేషంలో ఊళ్ళు తిరిగే రాజు కథే. 17వ శతాబ్దంలో నిజంగా బతికిన తొకుగావా మిత్సుకుని అనే ప్రభువు ముసలి వ్యాపారిలాగా తిరుగుతుంటాడు. కూడా ఇద్దరు మనుషులు ఉంటారు. ఆఖర్లో వాళ్ళు రాజముద్ర ఉన్న చిన్న డబ్బీ తీసి చూపిస్తే దుర్మార్గులందరూ నేలమీద పడి దండం పెడతారు. ప్రతి వారమూ ఇదే! పాట రాసింది యమగామి మిచియో, బాణీ కట్టింది కినోషితా చూజి. ఆ ఇద్దరు అనుచరుల వేషం వేసిన నటులే పాడేవాళ్ళు. ఇందులో ఒక తమాషా ఉంది. పాట ఏడు మాత్రలు, అయిదు మాత్రలు అనే పాత లెక్కలో నడుస్తుంది. అందుకని అదే లెక్కలో ఉన్న 'దొంగురి కొరోకొరో' అనే చిన్నపిల్లల పాట మాటల్ని ఈ గంభీరమైన బాణీలో పాడి నవ్వుకుంటారు. నేను మన ఆటవెలదిని అందులో ఇరికించి చూసినాను. కుదరలేదు.

ఇంక అసలు పాటకు వస్తాను. 1979 అక్టోబరు 26, శుక్రవారం రాత్రి 8 గంటలకు టీబీఎస్ చానెల్‌లో 'మూడో సంవత్సరం బి సెక్షన్ కిన్పాచి మాస్టారు' అనే సీరియల్ మొదలైంది. రాసినామె ఒసనయి మియెకో. అక్కడ మిడిల్ స్కూల్లో మూడో సంవత్సరం అంటే పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. అంటే మేమే! నిర్బంధ విద్య అక్కడితో అయిపోతుంది. తరువాత హైస్కూల్లో చేరాలంటే పరీక్ష రాయాల. పిల్లల భయాలు, తగాదాలు, ఇంట్లో గొడవలు, అన్నిటి మధ్యలో పొడుగు జుట్టు పెంచుకున్న భాషా టీచరు కిన్పాచి. అదే శుక్రవారం, అదే 8 గంటలకు వేరే చానెల్‌లో 'తాయోనీ హొయెరో' అనే పోలీసు సీరియల్ 1972 నుంచి బ్రహ్మాండంగా నడుస్తా ఉండింది. దాని ముందు స్కూలు కథ ఎవరు చూస్తారు అనుకోవాల కదా? 1980 మార్చి 28న వచ్చిన ఆఖరి భాగాన్ని టోక్యో ప్రాంతంలో నూటికి 39.9 ఇళ్ళలో చూసినారు.

మాస్టారి వేషం వేసింది తకెదా తెత్సుయా. ఈయన అసలు పాటగాడు. ఫుకువోకా ఊరాయన. టీచరు కావాలని విద్యా విశ్వవిద్యాలయంలో చేరి, చదువు మధ్యలో వదిలేసి పాటల్లోకి పోయినాడు. అట్లాంటాయన దేశమంతా ఎరిగిన టీచరు కావడం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆయన బృందం పేరు 'కైయెన్‌తై'. 1867లో హత్యకు గురైన సకమోతో ర్యోమా నడిపిన ఓడల సంఘం పేరది. తకెదాకు ర్యోమా అంటే ప్రాణం. సీరియల్‌లో మాస్టారి ఇంటిపేరు కూడా సకమోతోనే. తకెదా మాటలు రాసినాడు, ఆయన బృందంలోని చిబా కజువోమి బాణీ కట్టినాడు. అదే 'ఒకురు కొతోబా'.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇది. ఆ పాట అసలు స్కూలు పాట కాదు. తనకు దూరమైన ఒక అమ్మాయిని తలుచుకొని రాసుకున్న పాట అని తకెదానే చెప్పినాడు. మాటలు విడిగా చదివితే ప్రేమ పాటే. కానీ సీరియల్ అక్టోబరులో మొదలై మార్చిలో ముగిసింది. జపానులో స్కూలు సంవత్సరం ముగిసేది కూడా మార్చిలోనే. అరకావా నది గట్టు మీద మాస్టారు నడిచి వస్తుంటే వారం వారం ఈ పాట విన్న పిల్లలకు, సీరియల్‌లో పిల్లలు స్కూలు విడిచే రోజూ, తాము స్కూలు విడిచే రోజూ ఒకేసారి వచ్చినాయి. దాంతో ప్రేమ పాట కాస్తా టీచరు పిల్లలకు చెప్పే వీడ్కోలు అయిపోయింది. అంతకుముందు అక్కడి స్కూళ్ళలో వీడ్కోలు రోజున 1880లలో వచ్చిన 'హొతారు నో హికారి', 'అవోగెబా తోతోషి' పాడేవాళ్ళు. రెండోది గురువుల రుణం గురించిన పాట, పాత గ్రాంథిక భాషలో ఉంటుంది. వాటి పక్కన ఒక టీవీ పాట వచ్చి కూర్చుంది. ఎవరూ ఆర్డరు వేయలేదు. పిల్లలే తెచ్చుకున్నారు.

రెండో వరస సీరియల్ 1980లో వచ్చింది. అప్పుడు జపాను మిడిల్ స్కూళ్ళలో కొట్లాటలు, అద్దాలు పగలగొట్టడాలు పెద్ద సమస్యగా ఉండేవి. 1981 మార్చిలో వచ్చిన ఒక భాగంలో పోలీసులు స్కూల్లోకి వచ్చి పిల్లల్ని పట్టుకుపోతారు. అప్పుడు మాటలు వినిపించవు. బొమ్మ నెమ్మదిగా కదులుతుంది, నకజిమా మియుకి పాడిన 'సెజో' అనే పాట నడుస్తా ఉంటుంది. ఆ పాట 1978లోనే ఒక ఆల్బంలో వచ్చింది. కానీ ఆ రాత్రి నుంచి దాన్ని విన్నవాళ్ళకు ఆ పోలీసు బండే గుర్తొస్తుంది. ఇక్కడ కూడా పాట కంటే, పాట పడిన చోటు గట్టిది.

అన్ని పాటలకూ మాటలు కావాలని కూడా లేదు. 1981లో వచ్చిన 'కితా నో కుని కరా' సీరియల్‌లో ఒక తండ్రి ఇద్దరు పిల్లల్ని తీసుకొని టోక్యో వదిలి, హొక్కయిదోలో కరెంటు కూడా లేని ఇంటికి పోతాడు. దానికి సదా మసాషి చేసిన పాటలో మాటలే లేవు. 'ఆ...' అని రాగం తీస్తాడు, అంతే. 1991లో వచ్చిన 'టోక్యో లవ్ స్టోరీ' పాట 25 లక్షల కంటే ఎక్కువ అమ్ముడుపోయింది. అప్పటికి పాటను, సీరియల్‌ను కలిపి అమ్మడం కంపెనీలకు బాగా అలవాటైంది. ఒదా కజుమసా గొంతు బాగుంటుంది కానీ నాకు అంత పట్టలేదు.

పాతది తలుచుకుంటే మనసుకు హాయిగా, కొంచెం నొప్పిగా అనిపించడాన్ని జపాను భాషలో 'నత్సుకషీ' అంటారు. మా అమ్మ పుట్టిల్లు కుప్పం. ఆమెకు దూరదర్శన్‌లో వచ్చిన 'ఋతురాగాలు' టైటిల్ పాట వినిపిస్తే చేతిలో పని ఆగిపోతుంది. కథ గుర్తుందా అంటే సగమే చెప్తుంది. పాట వచ్చే టైముకు వాళ్ళ అవ్వ ఎక్కడ కూర్చునేదో మాత్రం సరిగ్గా చెప్తుంది.

కిన్పాచి మాస్టారు ఎనిమిది వరసలు నడిచి, 2011 మార్చి 27న ఆఖరి భాగంతో సెలవు తీసుకున్నాడు. సునామీ వచ్చి అప్పటికి పదహారు రోజులు.

మా పదో తరగతిలో పద్నాలుగు మందిమి ఉన్నాము. వచ్చే సంవత్సరం కొంతమంది ఇంగ్లీషు మీడియం, కొంతమంది తమిళ మీడియం. తెలుగులో పాఠాలు చదవడం మాలో చాలామందికి ఇదే ఆఖరు. వీడ్కోలు రోజు ఏ పాట పాడాలో ఇంకా తేలలేదు. ముగ్గురు సినిమా పాట అంటున్నారు, మిగిలినవాళ్ళు ఏమీ అనడం లేదు.

ఈ వ్యాసం కోసం మామ చేత ఆ ఇంజనీరుకు ఒక ప్రశ్న అడిగించినాను. ఆయన లెక్కకు 1980 మార్చిలో మిడిల్ స్కూలు విడిచినాడు, సరిగ్గా ఆఖరి భాగం వచ్చిన నెల. మీ వీడ్కోలు సభలో ఈ పాటే పాడినారా అని అడిగితే, లేదన్నాడంట. సభలో పాత పాటలే పాడించినారు. 'ఒకురు కొతోబా' మాత్రం అంతా అయిపోయినాక, సైకిళ్ళ షెడ్డు దగ్గర నిలబడి వాళ్ళంతట వాళ్ళు పాడుకున్నారంట. చలికి చేతులు జేబుల్లో పెట్టుకొని.