సగం అంటే దేనిలో సగం?



దస్తావేజు రాయించేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో మీకు తెలుసు. హద్దులు చదివించుకుంటాం. సర్వే నంబరు రెండుసార్లు చూసుకుంటాం. కౌలు కాగితంలో 'పంటలో సగం' అని రాస్తే, కళ్ళంలో రాశి మీద సగమా, ఖర్చులు తీసేశాక సగమా అని అడగకుండా ఏ రైతూ వేలిముద్ర వేయడు. ఆకలిని తగ్గిస్తామని ప్రపంచ దేశాలు రాసుకున్న కాగితాల్లోనూ ఇదే చిక్కు వచ్చింది. ఆ సంగతి ఈవేళ చెప్పుకుందాం.

1996 నవంబరులో రోము నగరంలో ప్రపంచ ఆహార మహాసభ జరిగింది. అప్పటికి లోకంలో 80 కోట్ల మందికి పైగా చాలినంత తిండి లేదు. వారి సంఖ్యను 2015 నాటికి సగానికి తగ్గిస్తామని దేశాలు అక్కడ మాట ఇచ్చాయి. నాలుగేళ్ళు గడిచాయి. 2000 సెప్టెంబరులో న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి సహస్రాబ్ది ప్రకటన చేసింది. అందులోనూ 'సగం' ఉంది, 2015 గడువూ ఉంది. కాని 'సంఖ్య' అనే మాట పోయి 'నిష్పత్తి' వచ్చింది. మరుసటి ఏడు లక్ష్యాల జాబితా తయారుచేసినప్పుడు లెక్కను 1990 నుంచే మొదలుపెట్టారు.

మాట మారితే ఏం పోయింది అంటారా? ఒక ఊళ్ళో 1,000 మంది ఉన్నారనుకోండి. అందులో 200 మంది పస్తులుంటున్నారు, అంటే నూటికి 20 మంది. కొన్నేళ్ళకు ఊరి జనం 1,500 అయ్యారు. సంఖ్యలో సగం అంటే 100 మందికి మించి పస్తుండకూడదు. నిష్పత్తిలో సగం అంటే నూటికి 10 మంది, అనగా 150 మంది పస్తున్నా మాట నిలబెట్టుకున్నట్టే. ఆ తేడా 50 మంది ఆకలి తీరలేదు. కాగితం మీద మాత్రం లెక్క సరిపోయింది.

నిజంగా జరిగిందీ దాదాపు అదే. ఆహార వ్యవసాయ సంస్థ 2015లో వేసిన అంచనా చూడండి. వర్ధమాన దేశాలలో 1990-92లో నూటికి 23.3 మంది ఆకలితో ఉండగా, 2014-16 నాటికి అది 12.9కి దిగింది. ఇంచుమించు సగం. కాని మనుషులను లెక్కపెడితే సుమారు 99 కోట్ల నుంచి 78 కోట్లకే తగ్గారు. రోములో ఇచ్చిన మాట ప్రకారమైతే 50 కోట్ల లోపుకు రావాలి. నిష్పత్తి లెక్క తప్పని కాదు. జనాభా పెరిగేచోట ఎంత పని జరిగిందో తెలియడానికి అదీ కావాలి. కాని ఒక లెక్క చూపి రెండోది మరచిపోతే, నష్టపోయేది ఆకలిగొన్నవాడే.

గడువు దగ్గరపడుతుండగా 2012లో బ్రెజిలు దేశంలోని రియోలో మహాసభ జరిగింది. కొత్త లక్ష్యాలను ఈసారి దేశాలే కూర్చుని రాయాలని అక్కడ నిర్ణయించారు. 2013 జనవరిలో అందుకొక బృందం ఏర్పడింది. సీట్లు 30, కూర్చునే దేశాలు 70. అందుచేత చాలా సీట్లను రెండు మూడు దేశాలు పంచుకున్నాయి. మన దేశం, పాకిస్తాను, శ్రీలంక కలిసి ఒకే సీటు పంచుకున్నాయి. కెన్యాకు చెందిన మచారియా కమావు, హంగరీకి చెందిన చాబా కొరొషి అధ్యక్షత వహించారు. 13 సమావేశాలు సాగి, 2014 జులైలో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు తేలాయి. 2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్య సమితి వాటిని ఆమోదించింది.

ఆకలి విషయంలో ఈసారి 'సగం' లేదు. 2030 నాటికి ఆకలిని అంతం చేయాలి, అందరికీ ఏడాది పొడుగునా చాలినంత పుష్టికరమైన ఆహారం అందాలి అని రాశారు. 'అందరికీ' అన్నాక సంఖ్యకూ నిష్పత్తికీ పేచీ లేదు. చిన్న రైతుల దిగుబడినీ రాబడినీ రెట్టింపు చేయాలని కూడా రాశారు.

అన్నిచోట్లా ఇంత గట్టిగా కుదరలేదు. వాడిన నీటిని మళ్ళీ వాడుకోవడం ఎంత పెంచాలన్నచోట, ముసాయిదాలో అంకె వేయకుండా ఖాళీ ఉంచారు. చివరకు ఆ ఖాళీలో అంకె రాలేదు, 'గణనీయంగా' అనే మాట వచ్చింది. గణనీయం అంటే ఎంతో ఎవరు కొలుస్తారు? స్త్రీలకు భూమి మీద హక్కు గురించి రాసిన వాక్యానికి 'జాతీయ చట్టాలకు అనుగుణంగా' అని తోక తగిలించారు. చట్టం బలహీనంగా ఉన్నచోట ఆ వాక్యమూ బలహీనమే.

మాట గట్టిగా రాసుకున్నంతమాత్రాన కంచంలోకి అన్నం రాదన్నదీ నిజమే. 2024లో కూడా లోకంలో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా. అయితే మాట స్పష్టంగా ఉంటే, ఇచ్చినవాణ్ణి నిలదీసి అడగవచ్చు. అస్పష్టంగా ఉంటే అడగడానికే ఆధారం లేదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీరు నివేదిక రాసేటప్పుడు నూటికి ఎంతమంది అన్నదీ రాయండి, మొత్తం ఎంతమంది అన్నదీ రాయండి. ఏ ఏడుతో పోల్చారో కూడా రాయండి. రైతు సోదరులారా, మీ ఊరి సభలో ఎవరైనా 'సగం తగ్గించాం' అని చెబితే, లేచి ఒక్క ప్రశ్న వేయండి: దేనిలో సగం?