మేతగింజ పరీక్ష

నల్లమలకును ఎఱ్ఱమలకును నడుమ, కుందూనది పారు నంద్యాల, ఆళ్లగడ్డ సీమ నల్లరేగడి నేల. పూర్వ మిచ్చట జొన్నయే మనుష్యునకు అన్నము, దాని చొప్పయే పశువునకు మేత. వేసవిలో బీళ్లు ఎండినపుడు చుట్టుపట్ల మందలను శ్రీశైలము వైపు అడవులకు తోలుకొని పోయెడివారు. అడవిలో గడ్డి తనంతట మొలచును. చేనిలో మేతకు గింజ కావలెను. ఆ గింజ మొలవకున్న నష్టము దానితోనే తీరెడిది కాదు. పదును దాటిపోయెడిది, వామి లేచెడిది కాదు, మాఘఫాల్గుణములలో ఎద్దులు సంతకు నడచెడివి.

అందుచేత గింజను చూచుటయందు రైతు మిక్కిలి జాగరూకుడై యుండెడివాడు. మొదట రాశిలో మోచేతివరకు చేయి దూర్చును. చల్లగా తగిలిన మేలు. వెచ్చగా తగిలిన లోపల చెమ్మయో పురుగో యున్నదని అర్థము. పిదప పిడికెడు తీసి వాసన చూచును. జొన్నలను పాతరలలో పోసి నిలువచేయు సీమ యగుటచే ఈ పరీక్ష ముఖ్యము. పాతర అంచులకు తగిలిన గింజ చెమ్మకు రంగు మారి ముక్కవాసన కొట్టును. అది కూటికి వచ్చినను విత్తుటకు రాదు. విత్తనమునకై మంచి కంకులను చేనిలోనే ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి కుండలలో వేరుగా ఉంచెడివారు. కట్టకడపట పంటిపరీక్ష: ఎండిన గింజ పటుక్కున విరుగును, చెమ్మగింజ మెత్తగా నలుగును.

గడ్డివిత్తనముల సంగతి వేరు. పొట్టు నిండుగా కనబడును, లోపల గింజ ఉండకపోవచ్చును. ఇచ్చట కంటిని నమ్మరాదు. అరచేత నలిపి ఊదినచో తాలు ఎగిరిపోయి నిజము చేతిలో మిగులును.

ఈ పరీక్షలను మోటువని త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. అయినను వీనికొక హద్దు కలదు. పాతబడి చచ్చిన గింజయు చల్లగా, గట్టిగా, వాసన లేక ఉండవచ్చును. ఐరోపాలో వర్తకులు దీనినే ఆసరా చేసికొనిరి. పాతగింజలకు రంగు వేసియు, గంధకపు పొగ పట్టించియు కొత్తవానివలె మెరయించి అమ్మిరి. దీనిని మాన్పుటకు ఇంగ్లండులో 1869లో శాసనమే చేయవలసివచ్చెను. ఆ సంవత్సరమే జర్మనీలోని థరాంట్‌లో ఫ్రీడ్రిఖ్ నోబె విత్తన పరీక్షాలయమును నెలకొల్పెను. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము 1906లో ఏర్పడినది. అమ్మెడి విత్తనమును గూర్చి మన దేశమున చట్టము 1966లో గాని రాలేదు.

పరీక్షాలయము చేయునదియు మూలమున ఒకటే: గింజలను లెక్కించి, తడిపి, మొలకలను లెక్కించుట. నూరు గింజలను తడిగుడ్డలో మూటగట్టి ఇంటనే దీనిని చేయవచ్చును. జొన్నకు నాలుగైదు దినములలో ఫలితము తెలియును. అంజన్ గడ్డి వంటివానికి మాత్రము తొందర పనికిరాదు. కోసిన వెంటనే ఆ గింజ సరిగా మొలవదు, చావనూ లేదు. దానిని కొన్ని నెలలు పొడిగా నిలువయుంచి, తొలకరికి ముందు మరల తడిగుడ్డలో కట్టి చూడవలెను.