మరకల పళ్ళ కథ

మా అత్తయ్యది నల్గొండ జిల్లా. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారు, పళ్ళ మీద గోధుమరంగు చారలని. సరిగ్గా తోముకోవడం లేదని చిన్నప్పుడు దెబ్బలు కూడా తిన్నారట!

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కి వెళ్ళిన పళ్ళ డాక్టరు ఫ్రెడరిక్ మెక్‌కే అక్కడివాళ్ళకీ ఇవే మరకలు చూశారు. వింతేమిటంటే, ఆ పళ్ళు తొందరగా పుచ్చేవి కావు. నీళ్ళ మీద అనుమానం వచ్చినా, కారణం ఫ్లోరైడ్ అని తేలింది 1931లోనే. 1945లో గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్ళలో కావాలనే కొద్దిగా, లీటరుకు ఒక మిల్లీగ్రాము లెక్కన కలిపారు. పిల్లల్లో పుచ్చుపళ్ళు బాగా తగ్గాయి.

నల్గొండ బోరునీళ్ళలో అదే ఫ్లోరైడ్ మితిమీరి ఎముకలను కూడా వంచేసింది. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో పడే మరక అది, ఎంత తోమినా పోదు.

ఇదంతా చెబితే అత్తయ్య, "అయితే మా అమ్మ నన్ను ఊరికే కొట్టిందన్నమాట" అన్నారు.