మరమేకు పట్టువిడుపులు

ఇటీవల మా మేనల్లుడు తన మోటారు సైకిలు హ్యాండిలుపై ఫోను నిలుపుకొనుటకు ఒక చిన్న స్టాండును తెచ్చుకొనెను. హ్యాండిలును పట్టియుంచు క్లాంపు బోల్టులలో రెండింటిని తీసి, స్టాండుతో వచ్చిన పొడవైన బోల్టులను వాని స్థానమున బిగింపవలెను. పావుగంట పనియని మేమును చేయి వేసితిమి. మొదటి బోల్టు మాట వినెను. రెండవది కదలలేదు. బలమంతయు ఉపయోగింపగా, బోల్టు తిరుగుటకు మారుగా దాని తలలోని ఆరుపలకల గుంట అరిగి గుండ్రనయ్యెను.

వీథి చివరనున్న వృద్ధ మెకానిక్కు మా విసుగును చూచి నవ్వెను. "దాన్ని తిట్టకండి బాబూ! వదలకుండా ఉండమనేగా అక్కడ పెట్టింది" అనెను. ఆ మాట వెనుక రెండు శతాబ్దుల చరిత్ర కలదు.

పూర్వకాలమున ఏ కర్మాగారపు మర ఆ కర్మాగారమునకే చెల్లెడిది. ఒకచోట చేసిన నట్టు మరియొకచోటి బోల్టుకు పట్టెడిది కాదు. ఒకటి పోయిన రెండవది వ్యర్థమే. 18వ శతాబ్ది చివర లండనులో హెన్రీ మాడ్‌స్లే మరచుట్టును కచ్చితముగ కోయు లేతు యంత్రమును నిర్మించెను. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, దేశములోని పలు కర్మాగారముల బోల్టులను సేకరించి, కొలిచి, వాని సగటును బట్టి 1841లో ఒక పద్ధతిని ప్రతిపాదించెను. మరచుట్టు కోణము 55 డిగ్రీలు. బోల్టు లావును బట్టి అంగుళమునకు ఇన్ని చుట్లని నియమము. బ్రిటిషు రైలు కంపెనీలు దానిని స్వీకరించినవి.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. సామాన్యపు పనివాడు కూడ సులభముగ కోయగలుగుటయే ఆయన ఉద్దేశము. ఆ ఐదు డిగ్రీల భేదము వెల ఎంతయో రెండవ ప్రపంచ యుద్ధమున తెలిసినది. ఒకే పక్షమున పోరాడు రెండు దేశముల నట్టులు, బోల్టులు ఒండొంటికి పట్టకపోయెను. తుదకు 1948 నవంబరు 18న బ్రిటన్, అమెరికా, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు అంగీకరించి సంతకములు చేసినవి. ఐరోపా ఖండము మాత్రము మిల్లీమీటరులనే నమ్ముకొనెను.

మన దేశమున 1955లో మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ళ నిర్మాణము ఆరంభమైనపుడు, ఇంగ్లండు నమూనాతో పాటు ఇంగ్లండు మరలును వచ్చినవి. మరుసటి సంవత్సరము, 1956లో, మెట్రిక్ కొలతల చట్టము వెలసెను. అందుచేత మన పనిపెట్టెలలో అంగుళపు పానాలు, మిల్లీమీటరు పానాలు చిరకాలము కలసి కాపురము చేసినవి. మా పొరపాటు అచ్చటనే జరిగినది. బోల్టు గుంట 6 మిల్లీమీటరులది. మేము దూర్చిన పాత కీ 7/32 అంగుళములది, అనగా 5.56 మిల్లీమీటరులు. అర మిల్లీమీటరు కూడ లేని ఆ ఖాళీయే పలకలను తినివేసెను.

ఆ గుంటకును ఒక కథ కలదు. వెనుకటి యంత్రములలో తిరుగు ఇరుసులపై మరల తలలు పైకి పొడుచుకొని యుండెడివి. పనివారి చొక్కా చేతులు వానికి చిక్కి ప్రాణాపాయము కలుగుచుండెను. తలను లోనికి దించి, గుంటలో కీ పెట్టి త్రిప్పు మరలు అందుకు విరుగుడుగ వచ్చినవి. అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున 1910లో వానిని చేయనారంభించిన విలియం అలెన్ పేరే నేటికిని 'అలెన్ కీ'గ నిలిచియున్నది. విచిత్రమేమన, మా బోల్టును కదలనీయని జిగురు కూడ ఆ యూరిలో పుట్టినదే. ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో దానిని రూపొందించెను. అది గాలి తగిలినంతకాలము ద్రవముగ నుండి, మరచుట్ల నడుమ గాలి లేనిచోట లోహమును తాకి గట్టిపడును. ఇక యంత్రపు అదురుకు బోల్టు వదులు కాదు.

మెకానిక్కు బలము చూపలేదు. అరిగిన గుంటలో కొంచెము పెద్దదగు నక్షత్రపు బిట్టును సుత్తితో దిగగొట్టెను. పెట్రోలు ట్యాంకును తడిగుడ్డతో కప్పి, మంటను దరికి రానీక, వేడిగాలి యంత్రముతో బోల్టును కాచెను. జిగురు మెత్తబడెను. మెల్లగ త్రిప్పగా బోల్టు కిర్రుమని లొంగెను.

క్రొత్త బోల్టులను ముందు చేతితోనే కొన్ని చుట్లు త్రిప్పి, ఒకదాని తరువాత ఒకటిగ కొంచెము కొంచెము బిగించుచు, బండి పుస్తకములో వ్రాసిన బిగువునకు కొలత పానాతో సరిచూచెను. పిమ్మట మేనల్లునితో, "ఇది దారిలో ఊడితే చేతుల్లో హ్యాండిలు మిగులుతుంది బాబూ, బండి మిగలదు" అనెను. కుర్రవాడు ఫోను సంగతి మరచి ఆ బోల్టుల వంకనే చూచుచుండెను.

పట్టియుంచుట మర ధర్మము. అవసరమైనపుడు అది విడువవలెనన్న, చేసిన చేతికిని విప్పు చేతికిని ఒకే కొలత తెలిసియుండవలెను. ఆ ఒప్పుదల కొరకే విట్‌వర్త్ మొదలు ఇందరు శ్రమించిరి. మేమును ఆ సాయంకాలమే అంగుళపు కీలను ఏరి వేరొక సంచిలో కట్టియుంచితిమి.