పావులూరి గణితమునందలి చతురంగసంఖ్య

పామర్రు ప్రాంతపుఁ గళ్లములలో వడ్లు కొలుచువారు మొదటి కుంచమును ‘ఒకటి’ యనక ‘లాభము’ అని యెన్నుట పూర్వాచారము. ఆ లాభము నొక్క గింజగాఁ దీసికొని, చదరంగపుఁ బలకమీఁద గడిగడికి రెట్టించుచుఁ బోయినచో నఱువదినాలుగు గడులకు మొత్తమెంత యగును? ఈ లెక్కకుఁ గృష్ణ కావలనున్న కమ్మనాటి పావులూరి మల్లన తెనుఁగుపద్యమున నుత్తర మిచ్చియున్నాఁడు. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును దెలిఁగించిన యీతఁడు రాజరాజనరేంద్రుని కాలమువాఁడా, యాకాలపు మల్లనకు మనుమఁడా యను వాదమిట నప్రస్తుతము.

ఉత్తరము 18446744073709551615. ఇరువది స్థానముల యీ సంఖ్యను మల్లన భూతసంఖ్యాపదములతో నొక్క చంపకమాలలో నిమిడ్చెను. ‘అంకానాం వామతో గతిః’ యను న్యాయముచే మొదటి పద మొకట్ల స్థానమునకుఁ జెల్లును. శరము 5, శశి 1, తర్కము 6, గిరి 7. అబ్ధి యనఁగానే సప్తసముద్రములు తలఁపునకు వచ్చి 7 అని పొరపడుదురు. ఇందు 4 అనియే గ్రహింపవలెను. ఇందులకు లెక్కయే సాక్షి. రెంటిని వరుసగా నాఱుమాఱులు వర్గింపఁగా 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616 వచ్చును. ఈ కడపటిది యఱువదియైదవ గడి యుండినచో దానికి రావలసిన సంఖ్య. గడులన్నిటి మొత్తము దానికంటె నొకటి తక్కువ.

దీని ప్రధానగుణకములు 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీనిలో 641, 6700417 అనువాని లబ్ధము 4294967297. దీనిని ఫ్రెంచి గణితజ్ఞుఁడు ఫెర్మా యవిభాజ్య మనుకొనెను. 1732లో నాయిలరు 641చే భాగించి చూపెను. ఈ గుణకములపేర మల్లనను బొగడుట మాత్రము న్యాయము గాదు.

పరిష్కర్తలు జాగరూకులు గావలసిన పద మొకటి కలదు. పదిలక్షల స్థానమున మల్లన ‘రంధ్ర’ పదమును వాడెను. దేహమున నవరంధ్రము లుండుటచే నది 9. కాని రంధ్రమనఁగా బెజ్జము, బెజ్జమనఁగా సున్న యని యొక లేఖకుఁడు తలఁచి ‘శూన్య’ యని దిద్దెననుకొందము. గణభంగము లేదు, ఆ పదము యతిస్థానమునఁ గాని ప్రాసస్థానమునఁ గాని లేదు. కావున ఛందస్సు దొంగను బట్టియ్యఁజాలదు. మన బడులలో మిక్కిలి నమ్మెడి తొమ్మిదింటి పరీక్షయు నంతే. సరియైన పాఠమున నంకెల మొత్తము 87, తొమ్మిదిచే భాగింప శేషము 6. తప్పుపాఠమున మొత్తము 78, శేషము మరల 6!

పదునొకంటి పరీక్ష మాత్రము మోసపోదు. ఒకట్లనుండి యొకయంకె కూడుచు, మఱియొకటి తీసివేయుచుఁ బోఁగా సరియైన పాఠమునకు 37, శేషము 4. రెంటి వర్గములనుండి సాధించినను శేషము 4 వచ్చును. తప్పుపాఠమునకు 28, శేషము 6.

ఆ దిద్దుబాటువలన సంఖ్య 90 లక్షలు తగ్గును. వేయి వడ్లగింజలు 25 గ్రాములు తూఁగునని కొన్నచో నది 225 కిలోగ్రాములు. డెబ్బదియైదు కిలోల బస్తాలతోఁ గొలిచెడి పామర్రు రైతునకు సరిగా మూఁడు బస్తాలు.